పుస్తకం అడిగితే రెండు చేతులా ఇచ్చేవాడు

ఆయన పోయిన సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. పెద్దకర్మ కూడా అయిపోయాక, మదనపల్లె బస్టాండులో టీ తాగుతూ ఉంటే పక్క బల్ల మీద ఇద్దరు డ్రైవర్లు మాట్లాడుకోవడం విని తెలుసుకున్నాను. పద్నాలుగేళ్లు ఆయన బస్సులో తిరిగిన మనిషిని. ఒక కార్డు ముక్క రాసి పడేస్తే ఏం పోయేది? ఇది ఆయన ఇంటివాళ్ల మీద నా ఫిర్యాదు. ఆయన మీద ఉన్నది వేరే. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పేరు మాత్రం రాయను. బతికున్న రోజుల్లో ఆ పేరునూ దాని పక్కన బ్యాడ్జి నంబరునూ చెయ్యి నొప్పి పుట్టేదాకా రాశాను. ఇక చాలు.

మదనపల్లెలో బయలుదేరి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయి తిరిగొచ్చే బస్సుకు ఆయన కండక్టరు. నేను పుంగనూరు సర్వే ఆఫీసులో ట్రేసర్‌ని. ఊళ్ల పటాల మీద పల్చటి కాగితం పరిచి గట్లు, వంకలు, దారులు సన్నటి నిబ్బుతో దించడం నా పని. భార్యాబిడ్డలు కుప్పంలో. నేను పుంగనూరు బస్టాండు వెనక వీధిలో ఒక గది అద్దెకు తీసుకుని, శనివారం మధ్యాహ్నం కుప్పం పోయి ఆదివారం సాయంత్రం తిరిగి వచ్చేవాణ్ణి.

డెబ్బైల మొదట్లో, ఆ బస్సు ఎక్కిన తొలిరోజే నాకు అవమానం జరిగింది. నేను పరిగెత్తుకుంటూ వస్తుంటే ఆయన ఫుట్‌బోర్డు మీద నిలబడి నన్ను నిదానంగా చూశాడు. చూసి, రైట్ అన్నాడు. బస్సు కదిలింది. నేను అరిచి, ఉరికి, ఎలాగో కమ్మీ పట్టుకుని ఎక్కాను. అదే బస్సు నాలుగు అడుగులు పోయాక మళ్లీ ఆగింది, కర్ర ఊతంతో తాపీగా నడిచొస్తున్న ఒక ముసలాయన కోసం.

"నాకు ఆపలేదు, ఆయనకు ఆపినావే?" అని అడిగాను.

"పరిగెత్తేటోడు ఎట్లయినా అందుకుంటాడు సామీ," అన్నాడు ఆయన, చెవిమీది పెన్సిలు సర్దుకుంటూ. "నడిచొచ్చేవాళ్లకే కదా నిలపాల్సింది."

ఫిర్యాదుల పుస్తకం ఇమ్మన్నాను. ఏ కండక్టరైనా ఆ మాట వింటే మొహం మాడ్చుకుంటాడు, లేదంటే బతిమాలుకుంటాడు. ఈయన తోలుసంచీలోంచి పుస్తకం తీసి, దుమ్ము దులిపి, తాంబూలం ఇచ్చినట్టు రెండు చేతులా ఇచ్చాడు. చెవిమీది పెన్సిలు కూడా తీసి ఇచ్చాడు. "నింపాదిగా రాయి సామీ. పలమనేరు దాకా దావ బాగుండాది, అచ్చరాలు వంకర పోవు," అన్నాడు. నేను రాసింది తీసుకుని, నా ఎదుటే చదువుకుని, తల ఆడించాడు. మూడోసారో నాలుగోసారో రాసినప్పుడయితే, "ఈ తూరి కుదర్లేదు సార్. పోయినదాంట్లో కారం ఉండింది," అన్నాడు. నేను మళ్లీ పుస్తకం తీసుకుని ఇంకో నాలుగు వాక్యాలు కలిపాను.

అప్పటినుంచి నా పేరు పుస్తకం సార్. ఆయన పెట్టిందే. డ్రైవరూ, రోజూ ఎక్కేవాళ్లూ, కుప్పం బస్టాండులో పండ్లమ్మే ఆమే, చివరికి మా మామగారు కూడా అదే పేరుతో పిలిచారు. మామగారి సంగతి ఇంకెప్పుడైనా తేలుస్తాను.

ఆ బస్సులో ఎవరికి నచ్చిన చోట వాళ్లు కూర్చోవడం కుదరదు. అదొక పద్ధతి ఆయనది. మెట్టు ఎక్కుతుండగానే మనిషి కళ్లలోకి ఒకసారి చూసి, "నువ్వు ఈడ. నువ్వు ఆడ ఆయమ్మ పక్కన. నువ్వు లెయ్యప్పా, కిటికీ కాడికి పో," అని సర్దేవాడు. వాంతయ్యేవాళ్లు కిటికీ దగ్గరికి పోవడం నాకూ అర్థమవుతుంది. మిగతా సర్దుబాటు ఏ లెక్కన చేసేవాడో చాలాకాలం తెలియలేదు. ఒకసారి రామకుప్పం వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఎక్కింది. రాగి చేను ఏనుగులు తొక్కేశాయట, నోట మాట లేకుండా శూన్యంలోకి చూస్తూ ఉంది. వెనక అంత ఖాళీ ఉండగా, తీసుకుపోయి ఆమెను ఒక వాగుడుకాయ పక్కన ఇరికించాడు. ఆ వాగుడుకాయ తన కోడలి గురించి మొదలుపెట్టి ఆపలేదు. పలమనేరు వచ్చేసరికి రామకుప్పం ఆమె నోరు తెరిచింది. పుంగనూరులో నేను దిగేటప్పటికి, ఇద్దరూ కలిసి ఏనుగుల్నీ కోడల్నీ ఒకే గాటన కట్టి తిడుతున్నారు.

"బాధలో ఉండే మనిషిని ఒంటిగా కూసోబెట్టకూడదు సార్," అన్నాడు నాతో. "బస్సు కుదుపులకు లోపలిదంతా ఇంకా లోపలికి దిగుతాది."

మరి నన్నెందుకు ఎప్పుడూ వెనక చక్రం మీద సీట్లో, పట్టుగూళ్ల మూటల పక్కన కూర్చోబెడతావని అడిగాను. ఆ కంపు ఎరిగినవాళ్లకే ఎరుక. ఆయన ఏమాత్రం తడుముకోలేదు. "నీకు తగువు ఉంటే ఒళ్లు బాగుంటాది సార్. ముందర మెత్తటి సీట్లో కూసోబెడితే ఏం పెట్టుకుని తగువాడతావు?" అన్నాడు. దాని మీద కూడా పుస్తకంలో ఒక పేజీ రాశాను.

ఎనభైల మొదట్లో కండ్లకలక వచ్చింది. ఏటా వచ్చేలాంటిది కాదు. ప్రపంచమంతా చుట్టుకుని వస్తోందని పేపర్లో వేశారు. అది మద్రాసు నుంచి వచ్చిందని పుంగనూరులోనూ, బెంగుళూరు నుంచి వచ్చిందని కుప్పంలోనూ అనుకునేవాళ్లు. ఎవరికి ఏ ఊరి మీద కోపం ఉంటే దానికి ఆ ఊరి పేరు పెట్టుకున్నారు. రోగం ఉన్నవాళ్ల కళ్లలోకి చూస్తే చాలు అంటుకుంటుందని అందరి నమ్మకం. డాక్టరు మాత్రం కాదు, చెయ్యి తగిలితే వస్తుంది, తువ్వాలు తగిలితే వస్తుంది అని చెబుతూనే ఉన్నాడు. ఆయన చెప్పినంతసేపూ జనం ఆయనకేసి చూడకుండా నేలచూపులు చూస్తూ విన్నారు. అన్నదమ్ములు వీపూ వీపూ ఆనించుకుని మాట్లాడుకున్నారు. మదనపల్లె బజారులో కళ్లద్దాలమ్మే సాయిబు దగ్గర నల్లద్దాలు అయిపోతే పచ్చవి, అవీ అయిపోతే పిల్లలు ఆడుకునే రంగు కాగితాలవి కొనుక్కున్నారు.

బస్సు నిండా నల్లద్దాలు. కండక్టరు కూడా పెట్టుకున్నాడు. నాకు తెలిసి ఆయన దిగులుపడగా చూసింది అప్పుడే. "అందరూ కండ్లు కప్పేసుకునిరి. ఎవురు యాడ కూసోవాల్నో నాకెట్ల తెలుస్తాది సార్?" అన్నాడు. సీట్లు సర్దడం మానేశాడు. ఎక్కినవాళ్లు ఎక్కినచోట, తలా ఒక మూల, ఎవరూ ఎవరినీ చూడకుండా కూర్చునేవాళ్లు. బస్సు అంత నిశ్శబ్దంగా పోవడం నేను ఎరగను. నిజం చెప్పాలంటే నాకు ఫిర్యాదు రాయడానికి కూడా ఏమీ దొరకలేదు.

తరువాత నాకు వచ్చింది. ఒక ఆదివారం కుప్పం నుంచి తిరిగొచ్చిన రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మొదలై, తెల్లారేసరికి రెండు రెప్పలూ అతుక్కుపోయాయి. తడిగుడ్డతో విప్పితే ఎర్రటి పొర, నీళ్లు. ఆఫీసువాళ్లు గుమ్మంలోంచే వెళ్లిపొమ్మన్నారు, అదీ అటు తిరిగి చెప్పారు. నా భార్య ఉత్తరం రాయించి పంపింది, బిడ్డలున్న ఇల్లు కాబట్టి కళ్లు తెల్లబడేదాకా రావద్దని. ఉత్తరం చదవడానికి కళ్లు లేవు కాబట్టి నాకు గది అద్దెకిచ్చిన ఇంటామె తలుపు అవతల నిలబడి గట్టిగా, వీధి మొత్తానికి చదివి వినిపించింది. ఈ ఇంటామె వక్కాకు నమిలే ముసలమ్మ, వీధివాళ్లకు అవ్వ. మనవలున్న మనిషి. నా తలుపుకు వేపమండలు కట్టింది. అన్నం పళ్లేన్ని చీపురుకట్టతో లోపలికి తోసేది. ఇవన్నీ నాకు గుర్తున్నాయి.

కానీ చెప్పుకోవాల్సింది కళ్ల సంగతి కాదు. కళ్లు మూసుకుని ఒక గదిలో ఒంటరిగా పడుకుంటే ఏమవుతుందో నాకు అంతకుముందు తెలియదు. చదవలేను, రాయలేను. నా బతుకే కళ్ల మీద. ఇవి పోతే గట్లు ఎవరు దించుతారు, నన్నెవరు ఉంచుకుంటారు అని మొదటి రెండు రోజులూ భయపడ్డాను. భయం పోగొట్టుకోవడానికి నాకు జరిగిన అవమానాలన్నీ వరసగా గుర్తుచేసుకోవడం మొదలుపెట్టాను. మూడో తరగతిలో నా పలక పగలగొట్టిన వాడి దగ్గర మొదలుపెట్టి మామగారి దాకా వచ్చాను. మామూలుగా అయితే అది నాకు మంచి కాలక్షేపం. ఎనిమిదో రోజుకల్లా వరస అంతా రెండుసార్లు అయిపోయింది. ఏ ఒక్కదానికీ కోపం రాలేదు. పలక పగలగొట్టినవాడు గుర్తొచ్చాడు, పోనీలే పాపం అనిపించింది. అది శాంతి కాదు. పొయ్యిలో నిప్పు చచ్చిపోయినట్టు ఉండింది. లేవబుద్ధి కాలేదు, స్నానం చెయ్యబుద్ధి కాలేదు. వేపమండలు గాలికి తలుపు మీద గీస్తున్న చప్పుడు వింటూ పొద్దు ఎక్కడుందో తెలియకుండా పడుకుని ఉన్నాను.

ఆ రోజు ముసలమ్మ పప్పులో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. నేను తినేశాను. ఏమీ అనలేదు.

ఆమె హడలిపోయింది. మధ్యాహ్నం బస్సు పుంగనూరులో భోజనాలకు అరగంట ఆగుతుంది. ఆమె బస్టాండుకు పోయి కండక్టరుకు చెప్పింది. ఆ మాటలు తరువాత ఆమే నాకు అప్పజెప్పింది.

"మీ పుస్తకం సారు ఉప్పు లేని కూడు తిని గమ్మున ఉండాడప్పా."

"ఏమీ అన్లేదా?"

"పళ్లెం గూడా ఇసిరి కొట్టలే."

"అయితే శానా ముదిరింది అవ్వా," అన్నాడట ఆయన, చేతిలో సంగటి టిఫిను గిన్నె మూసేసి.

వచ్చి నా కిటికీ కింద అరుగు మీద, నా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. నేను కిటికీకి ఇవతల మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాను. మధ్యలో ఊచలు.

"సార్, పుస్తకం తెచ్చినా."

"వద్దు," అన్నాను.

"నీకు కండ్లు అగుపడవని నాకు తెల్సు. నువ్వు చెప్పు, నేను రాస్తా."

"నీ మీద నువ్వే రాసుకుంటావా?"

"రూలు ఉండాది కదా సార్. అడిగితే ఇయ్యాల. రాయలేనోళ్లకు రాసియ్యాల."

"నేను అడగలేదు. చెప్పడానికి ఏమీ లేదు. పో."

తరువాత టిఫిను తెరిచిన చప్పుడు. సంగటి ముద్ద తింటూ మాట్లాడాడు. "నీ భార్య కుప్పంలో నా చేతికి ఊరిబిండి డబ్బా ఇచ్చింది, నీకు ఇమ్మని. పైన గుడ్డ కట్టి ముడేసి ఇచ్చింది. దావలో ఆకలైంది సార్. ముడి విప్పినా. రెండు వేళ్లతో తిన్నా. బాగుండె. ఇంకా రెండు తూర్లు తిన్నా."

ఊరిబిండి అంటే నా భార్య నూరిన చెనిక్కాయల కారం. నాకు తప్ప ఆమె ఎవరికీ చెయ్యదు. పిల్లల్ని కూడా ముట్టనివ్వదు.

గోడకు ఆనించిన వీపు తీసి ముందుకు వంగాను.

"ఏమన్నావు?"

"రెండు వేళ్లతో సార్. చెయ్యి కడుక్కోలే గూడా."

"దొంగ," అన్నాను. ఎనిమిది రోజుల్లో గొంతు పైకి లేచింది అదే మొదలు. "రాయి. రాయి ముందు. ప్రయాణికుడి భార్య నమ్మకంతో అప్పగించిన ఆహార పదార్థాన్ని..."

"అపహరించి అని రాసేదా, నాకి అని రాసేదా?"

"రెండూ రాయి."

పెన్సిలు కాగితం మీద గరగరమని నడిచిన చప్పుడు విన్నాను. ఆ చప్పుడు వింటూ ఒక పేజీన్నర చెప్పాను. చివర, "బ్యాడ్జి నంబరు ఏసినా సార్. సంతకం బదులు నీ తరఫున ఇంటూ పెట్టినా," అన్నాడు. బస్సు హారన్ కొట్టారు. పోయాడు.

మరుసటి రోజు బస్సు చప్పుడు వినగానే నేనే లేచి కూర్చున్నాను. ఇలా వరసగా ఆరు రోజులు. ఆయన రోజుకొక నేరం మోసుకొచ్చేవాడు. ఒకరోజు బస్సు ముప్పావు గంట ఆలస్యం, నేనే కావాలని నిలిపినా అన్నాడు. ఒకరోజు, మీ ఆఫీసరంత మంచి మనిషి తాలూకాలో లేడు సార్ అన్నాడు. నన్ను గుమ్మంలోంచి పంపేసిన ఆ ఆఫీసరు గురించి ఆ మాట వినేసరికి మంచం దిగి కిటికీ ఊచలు పట్టుకున్నాను. కళ్లు మూసుకునే ఉన్నాయి, అయినా ఆయన వీపు మీదికి వేలు చూపించి మరీ చెప్పాను. చెబుతున్నది ఆయన సంగటి చప్పరిస్తూ రాయడం కూడా సహించలేక దాని మీద ఇంకో ఫిర్యాదు చెప్పాను. అదీ రాసుకున్నాడు. "మెల్లగా సార్, చెయ్యి ఒకటే ఉండాది," అన్నాడు.

ఆరో రోజు పప్పులో మళ్లీ ఉప్పు లేదు. ముసలమ్మను గట్టిగా కేకలేశాను. ఆమె నవ్వింది. ఎందుకు నవ్విందో అప్పుడు తెలియలేదు. ఆ మరుసటి రోజు నుంచి ఆయన రాలేదు.

కళ్లు తెల్లబడ్డాక మొదట చేసిన పని డబ్బా సంగతి తేల్చడం. ముసలమ్మ చెప్పింది, కండక్టరు తన చేతికిచ్చిన డబ్బా ముడి తను విప్పేదాకా ఎవరూ విప్పలేదని, డబ్బా అంచు దాకా నిండుగా ఉందని. అంటే నా జీవితంలో మొదటిసారి నా చేత ఒక అబద్ధపు ఫిర్యాదు చెప్పించాడు. నేను ఎన్నో రాశాను. అన్నీ నిజాలు. అందులో ఒక్క అబద్ధం కలిస్తే మిగతావాటికి విలువేముంది?

శనివారం బస్సెక్కి నిలదీశాను.

"విప్పి మళ్లీ కట్టినా సార్," అన్నాడు. "నీ భార్య కన్నా బాగా కట్టినా."

పుస్తకం ఇమ్మన్నాను, ఆ పేజీ కొట్టెయ్యాలని. రెండు చేతులా ఇచ్చాడు. తిరగేస్తే ఆ ఆరు రోజులవీ ఒక్కటి కూడా లేవు. ఇదేమిటంటే, "ఆ పుస్తకం అయిపోయింది, డిపోలో ఇచ్చేసినా. ఇది కొత్తది," అన్నాడు. మొదటి పేజీల్లో నా పాత ఫిర్యాదులు కనిపిస్తుంటే కొత్తది ఎట్లా అవుతుంది? అడిగితే విజిల్ ఊదాడు. డిపోకు రాశాను. అటువంటి ఫిర్యాదులు ఏవీ తమకు అందలేదని జవాబు వచ్చింది. ఆ జవాబు మీద పైవాళ్లకు రాశాను. ఆ తరువాత ఏడేళ్లు, ఆయన రిటైరయ్యేదాకా, బస్సెక్కినప్పుడల్లా అడిగాను. ప్రతిసారీ, "వస్తాది సార్, విచారణ జరుగుతాండాది," అనేవాడు. నన్ను మాత్రం పట్టుగూళ్ల పక్కనే కూర్చోబెట్టాడు.

టీ బల్ల దగ్గర కబురు విన్న రోజే అడ్రసు కనుక్కుని మదనపల్లెలో ఆయన ఇంటికి పోయాను. కార్డు రాయలేదని అడగాలని పోయాను. ఆయన భార్య చాప వేసింది. నేనెవరో చెప్పలేదు. కాఫీ ఇచ్చింది. తాగాను.

"అమ్మా, ఇందులో చక్కెర లేదు," అన్నాను.

చావు ఇంట్లో అనకూడని మాటే. కానీ లేదు, ఏం చెయ్యను? ఆమె నా మొహంలోకి చూసింది.

"మీరు పుస్తకం సారు కదా?" అంది. "మరిచిపోయినా సామీ, ఈ పన్నెండు దినాలుగా నాకు ఏమీ తోస్తాలేదు." చక్కెర తేవడానికి లోపలికి పోయి, చక్కెర డబ్బాతో పాటు ఒక నోటుబుక్కు తెచ్చింది. బిడ్డలు బడిలో వాడేది, ఎక్కాలు ఉన్న అట్ట. "మీరు వస్తే ఇమ్మన్యాడు. ఎప్పుడన్నా తగువుకు వస్తాడు, పంపించొద్దు, కూసోబెట్టు అన్యాడు."

తెరిచాను. నేను చెప్పిన ఫిర్యాదుల్లో ఒక్క అక్షరం లేదు. పెద్ద పెద్ద అక్షరాలతో, పెన్సిలుతో ఇలా ఉంది:

"సోమవారం. పుస్తకం వద్దన్యాడు. గొంతు సల్లగా ఉండాది. ఊరిబిండి తింటినని అబద్ధం చెప్తి. దొంగ అన్యాడు. మంచిది.

మంగళవారం. నేను పిలవకముందే పలికినాడు. లేటుకు తిట్టినాడు.

బుధవారం. మళ్లా సల్లబడె. ఆఫీసర్ని పొగిడితి. మంచం దిగినాడు.

గురువారం. నన్నూ మా నాయననూ తిట్టినాడు. నాకు నవ్వొచ్చె, ఆపుకుంటి.

శుక్రవారం. ఏడ్చినాడు. ఏమీ రాయలే. హారన్ కొట్టినా పోలే.

శనివారం. ఉప్పు లేదని అవ్వను కేకలేసినాడంట. ఇంక భయం లేదు."

శుక్రవారం సంగతి పైన నేను రాయలేదు. రాయాలనుకోలేదు. కళ్లకలక ఉన్నవాడి కళ్లలో నీళ్లు ఎవరు చూసినా ఒకటే కదా అనుకున్నాను. ఆయన చూడనైనా లేదు, అటు తిరిగి కూర్చున్నాడు. ఆ రోజు బస్సు బయలుదేరడం ఆలస్యమైందని ప్రయాణికులు గోల చేయడం మాత్రం విన్నాను. నా కోసం ఆ బస్సు ఆగిన రోజు అది.

ఆమె నా కాఫీలో చక్కెర వేసి కలిపింది. నేను కార్డు సంగతి అడగలేదు.

మరుసటి శనివారం అదే బస్సు ఎక్కాను. ఇప్పుడున్న కండక్టరు కొత్తవాడు. ఎక్కడైనా కూర్చోమన్నాడు. వెనక చక్రం మీద సీట్లో కూర్చుని ఫిర్యాదుల పుస్తకం అడిగాను. ఎందుకు సార్ అని గొణిగి, తీసి ఇచ్చాడు. నేను చెప్పిందేమీ రాయకుండా ఆరు రోజులు మోసం చేసిన కండక్టరు గురించి, రావలసిన విచారణ గురించి, అన్నీ రాయాలని తేదీ వేశాను. పెన్సిలు పట్టుకుని పలమనేరు దాకా అలాగే కూర్చున్నాను. దారి బాగానే ఉంది. అక్షరాలు వంకర పోయేవి కావు.

చివరికి ఒక్క వాక్యం రాసి తిరిగి ఇచ్చాను. ఈ కండక్టరు పుస్తకాన్ని ఒంటి చేత్తో ఇచ్చాడు అని.